పొద్దున మొదటి చెంబు నీళ్ళను పరీక్షించండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వచ్చింది. శుద్ధి కేంద్రం దగ్గరా, ఓవర్‌హెడ్ ట్యాంకుల దగ్గరా తీసిన నీటి నమూనాలన్నీ బాగున్నాయని, తాగునీటికి ఢోకా లేదని. ఆ వార్త తప్పని నేను అనడం లేదు. అక్కడ నీళ్ళు బాగానే ఉండి ఉంటాయి. కానీ మనం నీళ్ళు పట్టుకునేది ట్యాంకు కింద కాదు, వంటింటి కుళాయి కింద. ఆ ట్యాంకుకీ ఈ కుళాయికీ మధ్యనున్న పైపు నీళ్ళలో ఏం కలుపుతోందో ఎవరూ చూడటం లేదు. మా ఇంట్లో జరిగింది చెబితే ఎందుకు చూడాలో తెలుస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయమని మనవి.

నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో 31 ఏళ్ళు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. పాఠాలు చెప్పిన మనిషిని కాదు. ద్రావణాలు కలిపి, బ్యూరెట్లు కడిగి, పిల్లలు సాల్ట్ అనాలిసిస్ చేస్తుంటే పక్కన నిలబడ్డ మనిషిని. పరీక్షనాళికలో తెల్లటి అవక్షేపం దిగితే, అమ్మోనియా ఎక్కువ పోసినప్పుడు కరిగిపోయేది జింకు, కరగకుండా నిలిచేది అల్యూమినియం అని ఎన్ని వందల మందికి చెప్పానో లెక్కలేదు. ఆ జింకు మా వంటింట్లోకే వస్తుందని మాత్రం అప్పుడు అనుకోలేదు.

మా ఇల్లు అరండల్‌పేటలో. మా మామగారు 1978లో కట్టించిన డాబా. అప్పుడు వేసిన జీఐ పైపులు, అంటే ఇనప గొట్టానికి జింకు పూత పూసినవి, నలభై ఏళ్ళకు పైగా నీళ్ళు మోశాయి. కిందటేడు ఎండాకాలం వంటింటి కుళాయి ధార సన్నబడి సన్నబడి చివరికి బొట్లు బొట్లుగా పడే స్థితికి వచ్చింది. మా వీధి ప్లంబరు మేడ మీంచి దిగే పైపును హ్యాక్‌సాతో కోసి ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. "చూడండమ్మా, ముప్పాతిక అంగుళం పైపు. ఇప్పుడు చిటికెన వేలు కూడా పట్టదు" అన్నాడు. నిజమే. లోపలంతా తుప్పు బుడిపెలు కట్టి ఉంది. గోటితో గీరితే పైన ఎర్రమన్ను లాంటి పొడి రాలింది, దాని అడుగున నల్లటి గట్టి పెచ్చు. అతికించడానికి మరలు (త్రెడ్లు) కోసిన చోట గొట్టం గోడ రేకంత పలచబడింది. జింకు అన్న ఆనవాలు ఎక్కడా లేదు.

పడమటి గోడ మీద ఎండ పొద్దుగూకేదాకా ఉంటుంది, ప్లాస్టిక్కు పైపు అయితే వంగిపోతుందని మళ్ళీ జీఐ పైపే వేయించాం. దుకాణంలో బి క్లాసు అని చెప్పి ఇచ్చారు. పైపు మీద నీలం పట్టీ ఉంది. జీఐ పైపుల్లో పలచనిదానికి పసుపు పట్టీ, మధ్యరకానికి నీలం, మందపుదానికి ఎరుపు అని ప్లంబర్లందరికీ తెలుసు. మేమూ అది చూసే తీసుకున్నాం.

పదిరోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే మా కోడలు టీకి నీళ్ళు పెట్టి, "అత్తయ్యా, గిన్నె సరిగా తోమలేదేమో, నీళ్ళ మీద జిడ్డు తేలుతోంది" అంది. వెళ్ళి చూశాను. మరుగుతున్న నీళ్ళ మీద పల్చటి పొర, పక్కకు జరిగినప్పుడల్లా వెలుగుకు మెరుస్తోంది. ఆ నీళ్ళు పారబోసి, గిన్నెను చింతపండుతో తోమి, కుళాయి కాసేపు వదిలి మళ్ళీ పట్టి పెట్టాం. ఈసారి పొర లేదు. మర్నాడు పొద్దున మొదటి నీళ్ళకు మళ్ళీ వచ్చింది. చల్లారాక ఒక గుక్క నోట్లో పోసుకుని చూశాను. ఉసిరికాయ కొరికిన తర్వాత నాలుక మీద మిగిలే వగరు.

ఆ పొర నూనె కాదు, జింకు. నీళ్ళలో జింకు లీటరుకు 3 నుంచి 5 మిల్లీగ్రాముల దాకా చేరితే చూడటానికి నీళ్ళు పాలు కలిసినట్టు మసకగా ఉంటాయనీ, కాచినప్పుడు జిడ్డులాంటి పొర కడుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి మార్గదర్శకాల్లో ఉంది. 4 మిల్లీగ్రాముల దగ్గర వగరు తెలుస్తుందని కూడా ఉంది. రాత్రి పదింటి నుంచి పొద్దున అయిదున్నర దాకా పైపులో కదలకుండా నిలిచిన నీళ్ళు జింకును నానబెట్టి తెచ్చాయి. కాసేపు వదిలాక వచ్చినవి ట్యాంకులోంచి అప్పుడే దిగిన నీళ్ళు, అందుకే వాటికి పొర లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం చదివినవాళ్ళు జింకు పేరు వింటేనే బెదిరిపోతారు. జింకు విషం కాదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో జింకుకు లీటరుకు 5 మిల్లీగ్రాముల హద్దు పెట్టి, వేరే నీళ్ళు దొరకని చోట 15 దాకా ఒప్పుకున్నారు. పిల్లలకు విరేచనాలైతే ఓఆర్‌ఎస్ పొట్లంతో పాటు జింకు మాత్రలు 10 నుంచి 14 రోజులు, రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వమని డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ 2004లో చెప్పాయి. ఆరు నెలల్లోపు పసిబిడ్డకు అందులో సగం. మన డెల్టా రైతులకైతే జింకు సంగతి వేరే చెప్పక్కర్లేదు. వరి ఆకు మీద తుప్పు రంగు మచ్చలు పడి దుబ్బు గిడసబారితే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి కొడతారు. మనిషి ఒంట్లో జింకు లోపిస్తే ఎదుగుదల ఆగిపోతుందని 1960ల్లో ఇరాన్‌లోనూ ఈజిప్టులోనూ రోగులను చూసి తేల్చినవాడు బీహారులో పుట్టిన ఆనంద ప్రసాద్ అనే డాక్టరు. అంతదాకా మనిషికి జింకు అవసరమని వైద్యులు ఒప్పుకోలేదు.

పైగా ఇనప గొట్టం మీద జింకు చేసే పనే కరిగిపోవడం. 1837లో సోరెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఈ పూతకు పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ దాని గుట్టు అదే. ఇనుమూ జింకూ ఒకదాన్నొకటి తాకుతూ నీళ్ళలో ఉంటే ముందు జింకు కరుగుతుంది, ఇనుము నిలుస్తుంది. గీత పడి ఇనుము బయటపడినా చుట్టూ ఉన్న జింకు తాను తరుగుతూ దాన్ని కాస్తుంది. గీజరులో ప్లంబరు రెండేళ్ళకోసారి మార్చే మెగ్నీషియం కడ్డీ చేసేదీ ఇదే పని. కాబట్టి కొత్త పైపు నుంచి కాస్త జింకు రావడం వింతేమీ కాదు. నాకు భయం పట్టుకున్నది జింకును చూసి కాదు, జింకు వెంట వచ్చేదాన్ని చూసి.

భూమిలో జింకు ఒంటరిగా దొరకదు. సీసంతో, కాడ్మియం అనే మరో విషలోహంతో కలిసి దొరుకుతుంది. ఉదయపూర్ దగ్గర జావర్ గనుల్లో మన పూర్వులు వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేసి, బోర్లించి కాల్చి, ఆవిరైన జింకును కిందికి దించి చల్లార్చి పట్టేవారు. ఆ కాలిపోయిన మూసలతో అక్కడివాళ్ళు గోడలు కూడా కట్టుకున్నారు. ప్రపంచంలో ఇంకెక్కడా అంత పెద్ద ఎత్తున జింకు తీయని రోజుల్లో మనవాళ్ళు చేసిన పని అది. ఆ జావర్‌లోనూ జింకు పక్కనే సీసం. మన పల్నాడులో అగ్నిగుండాల ప్రాంతపు బండ్లమోటు సీసం గని సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. జింకును ఎంత శుభ్రం చేస్తే అంత ఖరీదు. శుభ్రం చేయనిదాంట్లో సీసం మిగిలిపోతుంది. ఒకప్పుడు పూతలకు విరివిగా వాడిన ప్రైమ్ వెస్టర్న్ రకం జింకులో 1.4 శాతం దాకా సీసం ఉండొచ్చని అమెరికా ప్రమాణమే ఒప్పుకుంది.

పొరపాటున ఉండిపోవడమే కాదు, కావాలని కూడా కలుపుతారు. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పూత తొట్టిని 450 డిగ్రీల దగ్గర ఉంచుతారు. గొట్టాన్ని ఆమ్లంలో కడిగి, నవాసారం కలిసిన ద్రావణంలో ముంచి, ఆరబెట్టి ఆ తొట్టిలో దించుతారు. మా చిన్నప్పుడు వీధిలో కళాయి వేసేవాడు ఇత్తడి గిన్నెను కొలిమి మీద తిప్పి, చిటికెడు నవాసారం చల్లి, తగరం ముక్క రాసి గుడ్డతో రుద్దేవాడు చూడండి, పని అంతా అదే, కాకపోతే ఇక్కడ తగరం బదులు జింకు. కళాయి తగరంలో సీసం కలిపితే ఆ గిన్నెలో పులుసు కాచకూడదని మా అమ్మమ్మ అనేది. జింకు తొట్టిలో కూడా కాస్త సీసం ఉంటే పూత జారుగా కారుతుంది, పైన మెరిసే పువ్వుల్లాంటి మచ్చలు పెద్దవిగా వస్తాయి, కొనేవాడికి అందంగా కనిపిస్తుంది. ఆ వేడి దగ్గర కరిగిన జింకు ఒక శాతానికి కాస్త పైగా సీసాన్ని తనలో పట్టి ఉంచుతుంది, మిగతాది అడుక్కు దిగుతుంది. అలా పట్టిన సీసం గొట్టం లోపలి గోడ మీదికీ వస్తుంది, అక్కడి నుంచి నీళ్ళలోకీ వస్తుంది. జీఐ పైపుల లోపలి పూత నుంచి తాగునీటిలోకి సీసం దిగుతుందని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో ఒక పరిశోధనా పత్రంలో చూపించారు. పాత పైపుల్లో చిక్కు ఇంకా ఎక్కువ. జింకు అంతా అయిపోయాక కట్టే తుప్పు, స్పంజిలా సీసాన్ని పీల్చి దాచుకుంటుంది. నీటి వడి మారినప్పుడో, పైపు కోసి కొత్తది అతికినప్పుడో ఆ పెచ్చులు ఊడి నీళ్ళతో పాటు వస్తాయి.

సీసానికి ఐఎస్ 10500లో హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. జింకుకు ఇచ్చినట్టు వెసులుబాటు లేదు. జింకు హద్దు దీనికి 500 రెట్లు. సీసానికి రుచి లేదు, రంగు లేదు, కాస్తే పొర కట్టదు. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగల మోతాదు లేదని వైద్యలోకం మాట. మా మనవడికి నాలుగేళ్ళు. వాడు తాగేది కూడా ఆ చెంబులో నీళ్ళే. ఇక నేను ఊరుకోలేకపోయాను.

మొదట పైపు సంగతి తేల్చుకుందామని, కొత్త పైపు బిగించేటప్పుడు ప్లంబరు కోసి పడేసిన ముక్కల్లోంచి బెత్తెడు ముక్క తీసుకున్నాను. ఇంకో దుకాణంలో ఐఎస్‌ఐ గుర్తూ లైసెన్సు నంబరూ ఉన్న పైపు ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాను. మా పైపు మీద నీలం పట్టీ ఉంది గానీ ఈ రెండూ లేవని అప్పుడు గమనించాను. గుంటూరులో పురుగుమందుల కొట్లకు కొదవలేదు, అక్కడ మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, కొన్నాను. పాత స్నేహితుల దగ్గర హైడ్రోమీటరు అరువు తెచ్చి ద్రావణం సాంద్రత సరిచూసి, అందులో మిగిలిన ఆమ్లం పోయేలా చేసి, వడగట్టి రెండు గాజు బీకర్లలో పోశాను. ఇది జింకు పూతను పరీక్షించే మన ప్రమాణం ఐఎస్ 2633లో ఉన్న పరీక్షే. ముక్కను జిడ్డు లేకుండా తుడిచి నిమిషం సేపు ముంచాలి, తీసి కడిగి, బ్రష్‌తో తుడవాలి, మళ్ళీ ముంచాలి. జింకు ఉన్నంతసేపూ ముక్క మీద నల్లటి మసి లాంటిది పట్టి, తుడిస్తే పోతుంది. జింకు అయిపోయి ఇనుము తేలిన చోట మాత్రం ఎర్రగా, కొత్త రాగి పైసలా మెరిసే రాగి అంటుకుంటుంది. అది తుడిచినా పోదు.

ఐఎస్‌ఐ ముక్క నాలుగుసార్లు ముంచినా మసి తుడిచేసరికి బూడిద రంగే మిగిలింది. మాకు అమ్మిన ముక్కకు రెండోసారికే లోపలి అతుకు పొడుగునా ఎర్రగీత తేలింది. మూడోసారికి అంచుల దగ్గర పెసరగింజలంత ఎర్రచుక్కలు. మా ప్లంబరు ఆ ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదా అమ్మా నేను మీకు బిగించింది" అని చాలాసేపు మాట్లాడలేదు. అతని తప్పేం లేదు. పట్టీ రంగు చూసి నమ్మాడు, నేనూ నమ్మాను. దుకాణానికి వెళ్ళి ముక్క చూపిస్తే, ఏ పైపుకైనా అంతేనమ్మా, పైన రంగు వేయించుకోండి అన్నారు. నీళ్ళు పారేది పైపు లోపల. పైన రంగు వేస్తే లోపలిదానికి ఒరిగేదేముంది?

మైలుతుత్తం జింకు మందం చెబుతుంది గానీ సీసం సంగతి చెప్పదు. దానికి నీళ్ళనే పరీక్షించాలి. విజయవాడలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తున్న మా పాత విద్యార్థిని సాయం చేసింది. మూడు ప్లాస్టిక్ సీసాలు పలచటి నత్రికామ్లంతో (నైట్రిక్ యాసిడ్) కడిగి, స్వేదనజలంతో తొలిచి ఆరబెట్టాను. రాత్రి కుళాయి కట్టేశాక ఎవరినీ ముట్టనివ్వలేదు. పొద్దున అయిదున్నరకు మొదటి లీటరు ఒక సీసాలో, రెండు లీటర్లు బకెట్లోకి వదిలాక ఇంకోటి, పది నిమిషాలు పారాక మూడోది పట్టాను. పట్టిన వెంటనే ఒక్కోదాంట్లో కొంచెం నత్రికామ్లం వేశాను. ఇది చాదస్తం కాదు. ఆమ్లం వేయకపోతే సీసం నీళ్ళలో నిలవకుండా సీసా గోడకు పట్టేస్తుంది, ప్రయోగశాలకు చేరేసరికి నీళ్ళు శుభ్రంగా ఉన్నట్టు లెక్క వస్తుంది. కూల్‌డ్రింకు సీసాలో పట్టి రెండు రోజుల తర్వాత ఇచ్చిన నీళ్ళలో లోహాలు లేవని కాగితం వస్తే దాన్ని నేను నమ్మను.

మొదటి సీసాలో జింకు 4 మిల్లీగ్రాములు దాటింది. సీసం హద్దు దాటింది. రెండో సీసాలో రెండూ బాగా తగ్గాయి, సీసం హద్దు లోపలికి వచ్చింది. మూడోదాంట్లో చెప్పుకోదగ్గదేమీ లేదు. అంటే ట్యాంకు నీళ్ళు మంచివే. పాడు చేసింది మా పైపు. ఒక ఇంటి మూడు సీసాలు ఊరి లెక్క కావని నాకు తెలుసు. అందుకే ఊరి లెక్క తీయమని అడగడానికి ఆ కాగితం పట్టుకుని నీటి సరఫరా చూసే ఒక కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టారు. కాగితం చూశారు. "మా బాధ్యత మీ గేటు దాకానే అమ్మా. హెడ్ వర్క్స్ దగ్గర రోజూ టెస్టు చేస్తున్నాం, అన్నీ ఓకే" అన్నారు. గేటు అవతల మాది అంటే ఒప్పుకుంటాను. నా పైపు నేనే మార్పించుకుంటాను, మార్పించాను కూడా. మరి గేటు అవతల ఏం జరుగుతోందో నాలాగా ల్యాబులో బతికిన మనిషి ప్రతి ఇంట్లో ఉండదు కదా. లాలాపేటలో, పట్నంబజారులో, అక్కడ విజయవాడ వన్‌టౌన్‌లో యాభై అరవై ఏళ్ళ ఇళ్ళున్నాయి, వాటి గోడల్లో అప్పటి గొట్టాలే ఉన్నాయి. క్యాను నీళ్ళు కొనుక్కోగలిగినవాళ్ళూ ఆర్వో మిషన్లు పెట్టుకున్నవాళ్ళూ గట్టెక్కుతారు. అద్దె వాటాల్లో ఉన్నవాళ్ళు ఆ కుళాయి నీళ్ళే తాగుతారు, ఆ పైపు మార్చే హక్కు కూడా వాళ్ళకు లేదు.

శుద్ధి కేంద్రం దగ్గర బాగుంటే ఇంట్లోనూ బాగున్నట్టే అనుకోవడం ఎంత ప్రమాదమో అమెరికాలో ఫ్లింట్ పట్టణం చూపించింది. 2014 ఏప్రిల్‌లో వాళ్ళు ఖర్చు తగ్గుతుందని ఊరికి నీళ్ళు అక్కడి నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. పైపు లోపల రక్షణ పొర కట్టించే ఫాస్ఫేటు కలపలేదు. కేంద్రం నుంచి బయల్దేరిన నీళ్ళలో సీసం లేదు, ఇళ్ళకు వెళ్ళే సీసపు గొట్టాల్లోంచి దిగింది. బాగున్నాయని అధికారులు నెలల తరబడి చెబుతూ వచ్చారు. ఇళ్ళ కుళాయిల దగ్గర సీసాలు పట్టి నిజం బయటపెట్టినవాళ్ళు వర్జీనియా టెక్‌లో మార్క్ ఎడ్వర్డ్స్ బృందం. అక్కడ 1991 నుంచే ఒక నిబంధన ఉంది, కనీసం ఆరు గంటలు నిలిచిన నీళ్ళలో మొదటి లీటరు ఇంటి కుళాయి దగ్గరే పట్టి సీసమూ రాగీ చూడాలని. అంత నిబంధన ఉన్న దేశంలోనే అలా జరిగింది.

మన దగ్గరి సంగతులూ మరిచిపోకూడదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయినప్పుడు, రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పాక గానీ మన ఇళ్ళలో ఆ మాటలు వినిపించలేదు. తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణులు తేల్చారు. అయినా ఆ వారంలో నాకు తెలిసినవాళ్ళు ఎంతమంది ఫోను చేసి "మన నీళ్ళలో సీసం ఎంతుంది" అని అడిగారో. చెప్పడానికి నా దగ్గర ఒక్క అంకె లేదు. ఇప్పటికీ మా వీధి కుళాయి తాలూకు అంకె ఎవరి దగ్గరా లేదు.

2018 మార్చిలో గుంటూరు తూర్పువైపు పేటల్లో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగునీటి పైపుల్లో మురుగు కలిసిందని అప్పుడు అందరూ రాశారు. ఆ చిల్లి ఎలా పడుతుందో మా ఇంట్లో తీసిన పాత ముక్క చూస్తే తెలుస్తుంది. వీధి లైను నుంచి ఇంటికి వచ్చే గొట్టం చాలాచోట్ల కాలవలోంచే పోతుంది. లోపల నీళ్ళు, బయట మురుగు. రెండువైపులా జింకు అయిపోతే ఇనుముకు దిక్కు లేదు, మర ఉన్న చోట ముందు తూటు పడుతుంది. రోజుకు గంటో రెండు గంటలో నీళ్ళు వదిలి ఆపేస్తే, ఖాళీ అయ్యే పైపు ఆ తూటు గుండా కాలవలో నీళ్ళను లోపలికి గుంజుకుంటుంది. తర్వాత పూట వదిలినప్పుడు ముందుగా వచ్చేవి అవే. పూత పలచనైతే సీసమే కాదు, మురుగూ వస్తుంది. ఆ తర్వాత ఆస్పత్రిలో పిల్లకు జింకు మాత్ర వేస్తారు. గొట్టం మీద సరిగ్గా వేసి ఉంటే ఆ మాత్రతో పని పడేది కాదు.

కనుక మీ పత్రిక ద్వారా నేను అడుగుతున్నది ఇంతే. శుద్ధి కేంద్రం దగ్గర చేసే పరీక్షలు చేయండి, వాటితో పాటు పాత పేటల్లో వీధికి రెండు మూడు ఇళ్ళు ఎంచి తెల్లవారుజామున మొదటి లీటరు పట్టండి. శుభ్రం చేసిన సీసాలో పట్టి, ఆమ్లం వేసి, జింకు, సీసం, కాడ్మియం, ఇనుము చూడండి. ముందు బళ్ళూ అంగన్‌వాడీలూ. శని, ఆదివారాలు మూసి ఉండి సోమవారం పొద్దున తెరిచే బడి కుళాయిలో నీళ్ళు రెండు రోజులకు పైగా పైపులో నానినవి. అక్కడే ముందు చూడాలి. వచ్చిన అంకెలను పేట పేరుతో సహా పత్రికల్లో వేయండి. ఇంటి యజమాని పేరు వద్దు. పైపుల దుకాణాల్లో నుంచి ముక్కలు తీసి మైలుతుత్తం పరీక్ష చేయించడానికి ఖర్చు ఎంతో కాదు, నేను ఇంట్లో చేసిన పని అది. రంగుల్లో సీసానికి 2017 నవంబరు నుంచి 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళ, హద్దు వచ్చింది. పీవీసీ పైపుల్లో కలిపే సీసం మీద 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అంటే రంగు డబ్బా గురించీ ప్లాస్టిక్కు పైపు గురించీ ఆలోచించారు. జీఐ పైపు లోపలి పూత గురించి కూడా అంత పట్టింపు ఉండాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

ఈలోగా ఎవరింట్లో వాళ్ళు చేయగలిగింది ఉంది. అర అంగుళం పైపు పది మీటర్ల పొడుగుంటే అందులో పట్టేది సుమారు రెండు లీటర్లే. ముప్పాతిక అంగుళమైతే మూడు లీటర్ల పైచిలుకు. పొద్దున్నే ఆ కాసిని నీళ్ళు బకెట్లోకి వదిలి, మొక్కలకు పోసుకోండి, వాకిట్లో చల్లుకోండి. తర్వాత వచ్చేవి తాగడానికీ వంటకీ పట్టుకోండి. కాచితే లోహాలు పోవు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ లోహం చిక్కబడుతుంది. గీజరు నీళ్ళు త్వరగా మరుగుతాయని వంటకు పెట్టేవాళ్ళను చూశాను, అది అసలు వద్దు. 60 డిగ్రీలు దాటితే కొన్ని రకాల నీళ్ళలో జింకు ఇనుమును కాయడం మానేస్తుంది, ఇనుమే ముందు తినేస్తుంది. మరలకు చుట్టే జనపనార మీద ప్లంబరు పూసే తెల్ల సఫేదా ఏ రకమో డబ్బా మీద చదవండి, జింకు తెలుపైతే ఫరవాలేదు, సీసపు తెలుపైతే వద్దనండి. కొత్త పైపు కొనేటప్పుడు పట్టీ రంగు ఒక్కటే చూసి మాలాగా మోసపోకండి. ఐఎస్‌ఐ గుర్తు, దాని కింద నంబరు చూడండి.

మా వీధి చివర ఒక అంగన్‌వాడీ ఉంది. పాత ఇల్లు అద్దెకు తీసుకుని నడుపుతున్నారు. అక్కడి కుళాయికి వచ్చేదీ అప్పటి జీఐ పైపే, బయట మరల దగ్గర తుప్పు కారిన మరక గోడ మీద నిలువునా ఉంది. టీచరమ్మను అడిగాను, వచ్చే సోమవారం పొద్దున ఎవరూ ముట్టకముందే తాళం తీస్తానంది. నగరపాలక సిబ్బందిలో ఎవరైనా వచ్చి వాళ్ళ చేతులతోనే పట్టి, వాళ్ళ ప్రయోగశాలలోనే చూసుకుంటే అంతకంటే నాకు కావలసింది లేదు. మీ విలేకరిని పంపినా సరే. నాలుగు సీసాలు నత్రికామ్లంతో కడిగి, మూతలు బిగించి, మా వంటింటి అరలో పెట్టి ఉంచాను.

ఇట్లు,
విశ్రాంత కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటు,
అరండల్‌పేట, గుంటూరు.